కాబోయే డాక్టర్ల నడుము కొలత

మన తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాలలో ఏ తెలుగు ఇంటిలోనైనా ఒక పిల్లవానికో పిల్లకో మెడికల్ సీటు వచ్చిందంటే అది ఆ ఒక్క ఇంటి సంగతిగా ఉండదు. వీధి వీధంతా వచ్చి పలకరించి పోతుంది. పెదనాన్నగారు ఊరినుంచి దిగుతారు. మేనత్త కజ్జికాయలు మూట గట్టుకొని వస్తుంది. "మన వంశంలో మొదటి డాక్టరురా నాయనా" అంటూ ఒక తాతగారు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం మేము కళ్ళారా చూశాము. 1960లో సరిహద్దు మారి తిరుత్తణి ఈ రాష్ట్రంలో కలిసిన తరువాత కూడా ఇంట తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషుతో పెరిగిన పిల్లలకు డాక్టరు చదువంటే ఎంతటి మెట్టో వేరే చెప్పనక్కరలేదు. 2022 జనవరి 12వ తేదీన తమిళనాడులో ఒకేసారి ప్రారంభమైన 11 ప్రభుత్వ వైద్యకళాశాలలలో తిరువళ్ళూరుది కూడా ఒకటి. వీరరాఘవస్వామిని వైద్య వీరరాఘవుడని కొలిచే ఊరిలో వైద్యకళాశాల వెలిసిందంటే పెద్దలకు అదొక ముచ్చట.

ఆ ముచ్చటకు దిష్టి పెట్టడం మా ఉద్దేశం కాదు. కాని ఆ ఇంటికే రెండు మూడేళ్ళ తరువాత, సెలవులలో వెళ్ళి చూసినవారికి ఒక సంగతి కనపడుతుంది. సీటు వచ్చిననాటి చొక్కా బొత్తాలు ఇప్పుడు కుదరవు. పంట్లాము నడుము దగ్గర దర్జీ రెండుసార్లు విప్పి కుట్టాడు. మెట్లెక్కి మేడమీదికి వచ్చిన పిల్లవాడు మాట కలపడానికి ముందు కాస్త ఆగి ఊపిరి పీల్చుకుంటాడు. ఇరవై ఏళ్ళవాడు! గుండె ఎట్లా కొట్టుకుంటుందో, కొవ్వు ఎక్కడ పేరుకుంటుందో, చక్కెర వ్యాధి ఎట్లా వస్తుందో పరీక్షలో పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాడే. తెలియక వచ్చిన లావు కాదది. తెలిసినవానికే ఎందుకు వస్తున్నది అన్నదే మేము విచారించదలచిన విషయం.

ముందు లావు అంటే ఎంత అన్నది తేల్చుకోవాలి. కంటిచూపుతో చెప్పే మాట నమ్మదగినది కాదు. బెల్జియం దేశపు గణితజ్ఞుడు కెట్లే 1832లో ఒక లెక్క చెప్పాడు. బరువును కిలోలలో తీసుకొని, ఎత్తును మీటర్లలో వర్గం చేసి, దానితో భాగించాలి. 1972లో అమెరికాలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు దీనికే బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టారు. పొడి అక్షరాలలో బి.ఎం.ఐ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం. అయితే మన భారతీయుల శరీరాలకు ఈ గీత పనికిరాదని మన వైద్యులు తేల్చి, 2009లో 23 దాటితేనే అధిక బరువు, 25 చేరితే స్థూలకాయం అని నిర్ణయించారు.

ఎందుకీ తేడా అంటే, మనవాళ్ళకు కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్టలో కొవ్వు చేరుతుంది. 2004లో లాన్సెట్ పత్రికలో పూనా వైద్యుడు డాక్టర్ యాజ్ఞిక్, లండనులోని డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడిన ఫోటో ఒకటి వేసుకున్నారు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒకటే, 22.3. దొరగారి ఒంటిలో కొవ్వు నూటికి 9 పాళ్ళు. మన యాజ్ఞిక్ గారి ఒంటిలో 21 పాళ్ళు! తూనికరాయికి ఇద్దరూ సమానమే, లోపలి సరుకు వేరు. అందుకే మన దేశంలో తూకంతో పాటు నడుము కొలత కూడా చూడమంటారు. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు. దర్జీ టేపు చాలు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, ఊపిరి వదిలిన తరువాత, టేపును బిగించకుండా కొలవాలి. పొట్ట లోపలికి పీల్చుకొని కొలిపించుకునే పెద్దమనుషులు మా ఆఫీసులో కొందరున్నారు. వారు మోసగించేది టేపును కాదని వారికీ తెలుసు.

మాకు తెలిసిన ఒక అబ్బాయి లెక్క ఇక్కడ చెబుతాము. ఊరూ పేరూ అక్కరలేదు. ఎత్తు 170 సెంటీమీటర్లు. కాలేజీలో చేరిననాడు 62 కిలోలు, అంటే బి.ఎం.ఐ. 21.5. మూడో సంవత్సరానికి 78 కిలోలు, అంటే 27. ఒకనాడు వార్డులో పని ముగిసిన తరువాత, తోటి విద్యార్థి సరదాకు వీని చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూశాడు. 140, 92 వచ్చింది. పరికరం పాడైందేమో అనుకున్నారు. రెండో చేతికి చుట్టారు. అదే వరస. మూడో స్నేహితునికి చుట్టి చూస్తే 116, 74. పరికరం బాగానే ఉన్నది. ముగ్గురూ కొంతసేపు ఏమీ మాట్లాడలేదట. ఎదురుగా మంచాలమీద ఉన్న రోగుల చీట్లలో ఉన్నవీ ఇటువంటి అంకెలే. వాళ్ళకు యాభై, అరవై ఏళ్ళు, ఇతనికి ఇరవై ఒకటి. ఆ అబ్బాయి తండ్రికి చక్కెర వ్యాధి ఉన్నది, తాతగారు గుండెనొప్పితో పోయారు. ఇంటిలో అందరికీ తెలిసిన సంగతే అయినా అంతవరకు ఎవరూ ఆ మూడింటినీ ఒకచోట చేర్చి చూడలేదు.

ఈ లావు కాలేజీలోనే మొదలవుతుందనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. దానికి పునాది నీట్ పరీక్ష. పదకొండో తరగతి మొదలు రెండేళ్ళు, సీటు రాకపోతే మరొక ఏడాది, ఇంకొక ఏడాది. ఆ 180 ప్రశ్నల కోసం పిల్లవాని సైకిలు మూలపడుతుంది, బంతి అటకెక్కుతుంది. తెల్లవారి ట్యూషను, పగలు బడి, సాయంత్రం మళ్ళీ కోచింగు. "చదువుకునే పిల్లవాడు కదా, బలం కావాలి" అని తల్లి రాత్రి పది గంటలకు నెయ్యి వేసిన దోసెలు బల్ల దగ్గరికే తెచ్చిపెడుతుంది. కూర్చున్న చోటు కదలనక్కరలేదు. పదిహేడు పద్దెనిమిదేళ్ళు, ఎముక గట్టిపడి కండ పెరగవలసిన వయస్సు, కుర్చీకి అప్పగించి సీటు కొన్నామని చెప్పవలసి వస్తుంది.

పైగా వారు వచ్చేది ఎటువంటి ఇళ్ళనుంచి? 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాడులో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 40 మంది, పురుషులలో 37 మంది బి.ఎం.ఐ. 25 దాటినవారే అని తేలింది. దేశం మొత్తంమీద స్త్రీలలో 24, పురుషులలో 23 మందే. ఆంధ్రప్రదేశ్ కూడా మనకంటే మరీ వెనుకబడి లేదు, స్త్రీలలో 36, పురుషులలో 31. ఆకలి తీరడం గొప్ప సంగతే. కాని ఆకలి తీరిన తరువాత ఎక్కడ ఆగాలో మన వంటిళ్ళు ఇంకా నేర్చుకోలేదు.

ఇక హాస్టలు జీవితం. ఇది బాగా తెలుసుకోదగినది కనుక కాస్త నిదానంగా చెబుతాము. ఉదయం క్లాసు ఎనిమిదింటికి. రాత్రి రెండింటికి పడుకున్నవాడు ఏడున్నరకు లేస్తే మెస్సులో ఇడ్లీ తినడానికి వ్యవధి ఉండదు. ఖాళీ కడుపుతో క్లాసుకు పోతాడు. పది పదకొండింటికి కాంటీనులో రెండు వడలు, ఒక టీ. మధ్యాహ్నం మెస్సులో అన్నం కొండంత, కూర గోరంత. ఆ వయస్సుకు కావలసిన పప్పు, ఆకుకూర, పండు కంచంలో వెతుక్కోవాలి. సాయంత్రం వార్డునుంచి వచ్చేసరికి నీరసం. మళ్ళీ బజ్జీలు, మళ్ళీ టీ. రాత్రి మెస్సు తొమ్మిదింటికి మూసేస్తారు. చదువు అప్పుడే మొదలవుతుంది. పన్నెండింటికి ఆకలి వేస్తే గేటు బయట పరోటా, సాల్నా ఉన్నాయి, లేకపోతే సెల్‌ఫోనులో వేలు ఆడిస్తే బిరియానీ పొట్లం గేటు దగ్గరికే వస్తుంది. పరీక్షల నెలలో ఈ వరస ప్రతిరోజూ సాగుతుంది. పరీక్ష అయిపోయిన సంతోషానికి మరొక బిరియానీ!

నిద్ర సంగతి చాలామంది తిండితో కలిపి చూడరు. చికాగో విశ్వవిద్యాలయంలో కారిన్ స్పీగెల్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూసి, ఆ ఫలితాన్ని 2004లో ప్రకటించారు. పది గంటలు పడుకున్న రోజులతో పోలిస్తే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను నూటికి 28 వంతులు పెరిగింది. చాలు అని చెప్పే లెప్టిన్ 18 వంతులు తగ్గింది. మనస్సు పోయినది కూడా తీపిమీదికీ, పిండివంటలమీదికీ, ఉప్పటి చిరుతిళ్ళమీదికీ. అంటే అర్ధరాత్రి పరోటా కోసం గేటు దాటే పిల్లవానిని తిండిపోతని తిట్టడం న్యాయం కాదు. నిద్ర చాలని ఒళ్ళు అట్లా అడుగుతుంది. ఈ హార్మోనుల పేర్లు ఆ పిల్లవానికి మనకంటే బాగా తెలుసు. మరునాటి పరీక్షలో అడిగే ప్రశ్న అదే అయి ఉండవచ్చు కూడా.

కూర్చోవడం గురించి మాట్లాడే అర్హత మావంటి గుమాస్తాలకు పుష్కలంగా ఉన్నది. ఫైలు ముందు ఎనిమిది గంటలు, రైలులో సీటు దొరికితే మరో గంట. 1953లో లండనులో జెర్రీ మారిస్ అనే ప్రొఫెసరు తన బృందంతో రెండంతస్తుల బస్సులలో పనిచేసేవారిని పరిశీలించాడు. రోజంతా కూర్చునే డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువగా వచ్చింది. టిక్కెట్ల కోసం రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు తక్కువ. మూడేళ్ళ తరువాత ఆయనే, కంపెనీ ఇచ్చే యూనిఫారాల కొలతలు తిరగవేసి, డ్రైవర్ల పంట్లాముల నడుము కండక్టర్లకంటే పెద్దదని చూపించాడు. లావుగా ఉన్నవారే డ్రైవరు పనికి చేరారేమో అన్న సందేహమూ ఆ కొలతలతోనే పుట్టింది, అది వేరే మాట. మా మనస్సుకు పట్టినది ఆ పంట్లాముల పుస్తకం. ఏ ఆఫీసులోనో దుమ్ము పట్టి పడి ఉన్న రికార్డు ఒకటి అంత పెద్ద సంగతి బయటపెట్టిందని తెలిసిన తరువాత మా బీరువాలోని పాత రిజిస్టర్లమీద మాకు కొంచెం గౌరవం పెరిగింది.

మెట్లన్నాము కనుక తిరుత్తణి కొండ మాట చెప్పక తప్పదు. సుబ్రహ్మణ్యస్వామి సన్నిధికి 365 మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. ఏటా డిసెంబరు 31వ తేదీన మెట్ల పండుగ జరుగుతుంది, భజన చేస్తూ మెట్టు మెట్టుకూ కర్పూరం వెలిగిస్తూ జనం కొండెక్కుతారు. మేము కాగితం తీసుకొని ఒక లెక్క వేశాము. మెట్టు ఆరంగుళాలు అనుకుంటే 365 మెట్లకు ఎత్తు సుమారు 55 మీటర్లు. 70 కిలోల మనిషి అంత ఎత్తు ఎక్కడానికి ఒళ్ళు ఖర్చుపెట్టేది కాస్త అటూ ఇటూగా 40 కాలరీలు. రెండు చెంచాల చక్కెర వేసిన టీలో చక్కెర ఒక్కటే 40 కాలరీలు! నూనెలో వేగిన ఒక గారె 100 దాటుతుంది. అంటే కొండెక్కి దిగి, కింద ఒక టీ తాగితే ఎక్కడం ఖాతా అక్కడికి చెల్లు. గారె కూడా తింటే స్వామివారికి మరి రెండుసార్లు కనపడి రావాలి.

ఈ లెక్క చూసి కొండెక్కడం దండుగ అనుకోకూడదు. గుండెకూ, కాళ్ళ కండకూ, రక్తంలో చక్కెర అదుపుకూ నడకా మెట్లూ చేసే మేలు కాలరీల పద్దులో కనపడదు. మేము చెప్పదలచినదల్లా, తిన్నదంతా వారానికొక రోజు పరుగెత్తి కరిగిస్తామనుకునే కుర్రవాళ్ళకు ఆ పద్దు కుదరదని. రోజుకు అయిదు టీలు, ఒక్కొక్కదానికి 10 గ్రాముల చక్కెర, మొత్తం 50 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మాట ప్రకారం విడిగా కలిపే చక్కెర రోజుకు 25 గ్రాములకు మించకుండా ఉంటే మేలు. చదువు కోసం తాగే టీ మానమని మేము అనలేము. ఆఫీసులో టీ లేకపోతే మాకే కలం కదలదు. చెంచా ఒకటి తగ్గించమంటే వింటారేమో. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేటిలో జబ్బులు పోవాలని మొక్కుకొని బెల్లం కలిపే ఆచారం ఉన్నది గదా. ఆ బెల్లమైనా కోనేటికే పోతుంది, కడుపులోకి పోదు.

ఇంటివారి పాత్ర సంగతి చెప్పకుండా వదిలితే ధర్మం కాదు. మన భాషలోనే ఉన్నది చూడండి. కాస్త కండ పట్టితే "ఒళ్ళు చేశాడు" అని సంతోషిస్తాము, సన్నగా ఉంటే "చిక్కి సగమైపోయావు" అని బాధపడతాము. సెలవులకు వచ్చిన 78 కిలోల కొడుకును గుమ్మంలోనే చూసి "హాస్టలు తిండి తినలేక ఎంత చిక్కిపోయావురా" అన్న తల్లి మాకు తెలుసు. ఆ నాలుగు రోజులూ నెయ్యి గిన్నె కంచం పక్కనుంచి కదలలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు సున్నుండలు ఒక డబ్బా, మురుకులు ఒక డబ్బా, ఆవకాయ ఒక సీసా. ఇది ప్రేమ కాదని ఎవరనగలరు? మన అమ్మమ్మలు కరువు చూసినవారు. బిడ్డ ఒంటిమీద కండ ఉంటే కష్టకాలం దాటుతాడన్న ధైర్యం వారిది. ఆ భయం మనదాకా వచ్చింది, కరువు మాత్రం రాలేదు.

ఆడపిల్లల సంగతి మరీ సున్నితం. వారికి లావుతోపాటు నెలసరి తప్పడం, ముఖంమీద మొటిమలు, అవాంఛిత రోమాలు కనపడితే అండాశయాలకు సంబంధించిన పి.సి.ఓ.ఎస్. అనే సమస్య కావచ్చు, స్త్రీవైద్యురాలికి చూపించాలి. చుట్టాలు చేసేది మరొకటి. "ఇట్లా ఉంటే సంబంధాలెట్లా వస్తాయే" అని పెళ్ళిపందిట్లో అందరిలో అంటారు. ఆ మాట విన్న పిల్ల పూటలు మానేసి కడుపు మాడ్చుకుంటుంది, తరువాత దొరికినప్పుడు రెండింతలు తింటుంది. ఎగతాళివల్ల ఎవరూ సన్నబడినట్లు మేము ఎరుగము. నెలలో పది కిలోలు తగ్గిస్తామనే పొడులు, కషాయాలు అంతకంటే ప్రమాదం. 2025లో మన దేశంలోనూ అమ్మకానికి వచ్చిన కొత్త సూదిమందులు వైద్యుని సలహాతో, ఆయన చూపులో వాడవలసినవి. డాక్టరు చదువుతున్నాను గదా అని తనకు తానే రాసుకునేవి కావు.

దీనివల్ల వచ్చే నష్టం ఆ పిల్లలది మాత్రమే కాదు. 2023లో ప్రకటించిన భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ప్రకారం మన దేశంలో చక్కెర వ్యాధి ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. వారిలో చాలామందికి డాక్టరు మొదట చెప్పవలసిన మాట, ఒళ్ళు తగ్గించు, నడువు అని. 2012లో అమెరికాలో 500 మంది డాక్టర్లను అడిగి చూస్తే, లావుపాటి రోగితో బరువు తగ్గడం గురించి మాట్లాడేవారు సన్నని డాక్టర్లలో నూటికి 30 మంది, లావు డాక్టర్లలో 18 మందే అని తేలింది. మనిషి సహజం. తన పొట్ట బల్లకు తగులుతుండగా ఎదుటివాని పొట్టను గురించి చెప్పడానికి నోరు రాదు. చెప్పినా రోగి వినేది చెవులతో కాదు, కళ్ళతో.

అయితే ఏమి చెయ్యాలి? పిల్లల మనోబలం మీద వదిలిపెడితే సరిపోదని మా అభిప్రాయం. కూనూరులో 1918లో చిన్న పరిశోధన విభాగంగా మొదలై తరువాత హైదరాబాదుకు మారిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన సలహాలలో, కంచంలో సగం కూరగాయలూ పండ్లూ ఆకుకూరలూ ఉండాలన్నది. మెస్సు నడిపేవారు గోడకు అంటించుకోవలసిన మాట ఇది. రాత్రి పదకొండింటి దాకా మెస్సులో ఉడికించిన శనగలు, మజ్జిగ, అరటిపండు దొరికేటట్లు చేస్తే గేటు బయటి పరోటాకు సగం గిరాకీ పడిపోతుంది. ఉదయం తొలిక్లాసు అరగంట వెనక్కు జరిపితే ఇడ్లీ తినడానికి వ్యవధి దొరుకుతుంది. ఆటస్థలంలో రాత్రి ఎనిమిది దాకా దీపాలు ఉంచితే ఆడపిల్లలు కూడా ధైర్యంగా షటిల్ ఆడుకుంటారు. ఏటా విద్యార్థులందరికీ బరువు, నడుము, రక్తపోటు చూసి వారి చేతికే చీటీ ఇస్తే బాగుంటుంది. నోటీసు బోర్డులో పెట్టకూడదు.

ఆ 78 కిలోల అబ్బాయి సంగతి అడుగుతారేమో. వాని ప్రొఫెసరుగారు ఒక్కనాటి కొలతతో భయపడవద్దని చెప్పి, వేర్వేరు రోజులలో మళ్ళీ మళ్ళీ చూడమన్నారు. మందు వెంటనే రాయలేదు. రాత్రి పన్నెండు దాటి మేలుకోవద్దన్నారు, ఉదయం తినకుండా క్లాసుకు రావద్దన్నారు, హాస్టలునుంచి ఆస్పత్రికి బండి మాని నడిచి రమ్మన్నారు. ఆవకాయ సీసా వాడు గదిలోని స్నేహితులకు పంచిపెట్టాడు, పాపం తల్లికి ఇంకా చెప్పలేదు. ఏడాదికి 73 కిలోలకు వచ్చాడు. రక్తపోటు 128, 84. గీతకు ఇంకా పైనే ఉన్నాడు, పరీక్షలప్పుడు మళ్ళీ రెండు కిలోలు ఎక్కుతాడు, తరువాత దింపుకుంటాడు.

తల్లిదండ్రులకు మా మనవి ఒకటి ఉన్నది. రోజూ రాత్రి ఫోనులో "తిన్నావా నాయనా" అని అడుగుతారు. అది మానవద్దు. దానితోపాటు "నిన్న ఎన్ని గంటలు పడుకున్నావు, ఇవాళ ఎంత దూరం నడిచావు" అని కూడా అడగండి. మన సంఘం వారు వచ్చే ఉగాది సమావేశంలో భోజనశాల గుమ్మం దగ్గర ఒక తూకం యంత్రం, ఒక దర్జీ టేపు ఉంచితే బాగుంటుందని కార్యదర్శిగారికి రాశాము. ఆడవారి కొలతలకు వేరే గది కావాలని కూడా రాశాము. మెడికల్ కాలేజీలో చదువుతున్న మన పిల్లలే కొలవాలి, ముందు తమను తాము కొలుచుకోవాలి. వారి తరువాత వరుసలో ఆఫీసు గుమాస్తాలు. అంకెలు రాసే చిట్టా మేము తెస్తాము.